సైటు నాబ్ మీద ‘హెచ్’ అంటే ఏమిటో పిల్లలకు ఎవరు చెప్పాలి?

సంపాదకులకు నమస్కారం.

నేను సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యాను. బొబ్బిలిలో ఒక అద్దె హాల్లో తొమ్మిదిమంది పిల్లలకు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్పుతున్నాను. మన జిల్లాల పిల్లల స్కోర్లు మీ క్రీడా పేజీలో చూసినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. కానీ ఆ స్కోరు వెనక ఉండే సైటు (రైఫిల్ మీద గురి చూసే పరికరం) సంగతి తెలుగులో చెప్పేవాళ్ళే కనబడడం లేదు.

మొన్న ఒక పోటీలో మా పదో తరగతి అమ్మాయికి సైటింగ్ షాట్లు (పోటీ షాట్లకు ముందు గురి సరిచూసుకునేవి) పైన పడ్డాయి. సైటును సరిచేసే నాబ్ మీద ‘హెచ్’ అని రాసి బాణం గుర్తు ఉంది. అటు తిప్పితే గుండు ఇంకా పైకి పోతుందనుకుని దానికి ఎదురు వైపు తిప్పింది. తిప్పినకొద్దీ పైకే పోయింది. ఉన్న పదిహేను నిమిషాలూ దానికే సరిపోయాయి. పోటీ షాట్లు మొదలయ్యాక మళ్ళీ సైటింగ్ ఉండదు. రాత్రి ఫోన్లో ఏడ్చింది. ముందే చెప్పకపోవడం నా తప్పే. ఆ సైటు జర్మనీది. హెచ్ అంటే ‘హోహ్’, జర్మన్‌లో పైన అని. గుండు పైన పడుతుంటే హెచ్ వైపు తిప్పమని దాని అర్థం. టి అంటే ‘టీఫ్’, కింద అని. గుండు కింద పడుతుంటే టి వైపు. కుడికి పడితే ఆర్ వైపు, ఎడమకు పడితే ఎల్ వైపు. వేరే కొన్ని సైట్ల మీద ‘అప్’ అని ఉంటే అటు తిప్పితే గుండు పైకి జరుగుతుంది. ఈ తేడా తెలియక ఎంతమంది పిల్లల రోజు పాడవుతోందో!

తల్లిదండ్రులకూ ఒక మాట. లక్షలు పోసి రైఫిల్ కొంటున్నారు, అమ్మినవాడు బిగించిన సైటుతోనే పిల్లను నిలబెడుతున్నారు. సైటు మనిషికి అమరాలి. ముందు నిలబడే తీరు కుదరాలి, చెంప రైఫిల్ కట్టె మీద ఎప్పుడూ ఒకేచోట ఆనాలి. కళ్ళు మూసుకుని తెరిస్తే వెనక సైటు రంధ్రం కంటికి ఎదురుగానే ఉండాలి. మెడ వంచి వెతుక్కునే పరిస్థితి ఉంటే నాబ్ ఎంత తిప్పినా ప్రయోజనం లేదు.

తర్వాత ముందు సైటులోని రింగు. టార్గెట్ మీద నల్లటి భాగం వెడల్పు 30.5 మిల్లీమీటర్లు. కంటికి సుమారు మీటరు దూరంలో ఉన్న రింగులో అది మూడు మిల్లీమీటర్లంతే కనిపిస్తుంది. అందుకని రింగు నాలుగు మిల్లీమీటర్ల దాకా ఉండి, నలుపు చుట్టూ తెల్లటి అంచు స్పష్టంగా కనబడాలి. రింగు చిన్నదైతే గురి బాగుంటుందని పిల్లలు అనుకుంటారు. నిజానికి అంచు మూసుకుపోయి, కన్ను అలిసిపోయి, గుళ్ళు చెదురుతాయి. ఎడమ కన్ను బిగించి మూయనివ్వకండి, దాని ముందు తెల్లటి పలక ఒకటి పెడితే చాలు.

ఒక్క షాట్ తప్పిందని నాబ్ ముట్టుకోకూడదు. ఫౌజులో జీరోయింగ్ (తుపాకీ గురి సరిచేయడం) అప్పుడు ఇదే చెప్పేవారు. ఐదు గుళ్ళు కాల్చి, అవి పడ్డ గ్రూపు మధ్య ఎక్కడుందో చూసి అప్పుడు తిప్పాలి. మా హాల్లో నాబ్‌ను పది క్లిక్కులు (‘టిక్’మనే ఒక్కో మెట్టు) తిప్పించి, గ్రూపు ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో స్కేలుతో కొలిపించి, ఆ లెక్క రైఫిల్ పెట్టె మూతకు అంటిస్తున్నాను.

2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్‌కు ముందు తన సైటు తప్పి ఉందని సన్నాహక షాట్లలో తెలిసిందని అభినవ్ బింద్రా తర్వాత చెప్పాడు. అక్కడికక్కడే సరిచేసుకుని స్వర్ణం గెలిచాడు. 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ మన హైదరాబాద్‌లో పెరిగినవాడు. ఆ స్థాయికి వెళ్ళాల్సిన పిల్లలకు నాబ్ మీద అక్షరాలు అడ్డం కాకూడదు.

పోటీలు నిర్వహించే పెద్దలకు నా విన్నపం: రేంజ్ గోడ మీద ఈ నాలుగు అక్షరాల అర్థం తెలుగులో రాసి పెట్టండి. మొదటిసారి వచ్చిన పిల్లలకు ముందురోజు సాయంత్రం ఒక గంట సైటు సరిచూసుకునే అవకాశం ఇవ్వండి. పిలిస్తే నేర్పడానికి నా ఖర్చులతో నేనే వస్తాను.

– ఒక విశ్రాంత హవల్దార్, బొబ్బిలి