ఒకే గది ఫ్లాట్ల పనిలో ఇకమీదట మా పద్ధతి

అందరికీ నమస్కారం. స్టూడియో ఫ్లాట్ల (అంటే ఒకే గది ఫ్లాట్ల) ఇంటీరియర్ పని ఒప్పుకునే తీరులో కొన్ని మార్పులు చేస్తున్నాం. అడ్వాన్స్ ఇచ్చాక తెలిసి నొచ్చుకోవడం కన్నా ముందే చెప్పడం నయమని ఇది రాస్తున్నాం.

గది మొత్తానికీ ఫాల్స్ సీలింగ్ ఇక వేయం. దాచడమెందుకు, మాకు బాగా మిగిలేది ఆ పనిలోనే. కానీ ఫ్రేము, బోర్డు, లైట్ల కోసం వదిలే ఖాళీ కలిపితే అర అడుగు ఎత్తు హరించుకుపోతుంది. వెడల్పు ఎటూ పెంచలేని గదిలో ఉన్న ఎత్తు కూడా తగ్గించి దానికి బిల్లు వేయడం మాకు మనస్కరించడం లేదు. దాని బదులు గోడలకీ సీలింగ్‌కీ ఒకే లేత రంగు వేస్తాం. గోడ ఎక్కడ అయిపోయిందో కంటికి చప్పున ఆనదు. కర్టెన్ రాడ్డును సీలింగ్‌కి దగ్గరగా, కిటికీకి రెండు పక్కలా జానెడేసి పొడుగు ఉండేలా బిగిస్తాం. తెర పక్కకి లాగినప్పుడు గుడ్డంతా గోడ మీదికి పోతుంది, కిటికీ మొత్తం వెలుతురుకే మిగులుతుంది.

ఇక గోడలోకి మడిచే మంచం. ఎక్కువమంది మా దగ్గరికి వచ్చేది దీని కోసమే. మంచి వస్తువే, కాదనం. అయితే మడిచాక కూడా అది అడుగు నుంచి అడుగున్నర లోతు ఆక్రమిస్తుంది. దించాలంటే ఆరున్నర అడుగుల నేల రోజూ ఖాళీగా ఉండాలి. అక్కడ టీపాయ్ ఉంటే మొదట్లో ఓపిగ్గా జరుపుతారు, తర్వాత మంచాన్ని దించే ఉంచేస్తారు. అందుకే ఆర్డరు తీసుకునే ముందు, దించిన మంచం కొలతకి మీ నేల మీద మాస్కింగ్ టేపు అంటించి వెళ్తాం. కొన్నాళ్లు ఆ గీతల మధ్య సామాను పెట్టకుండా ఉండి చూడండి. కుదిరితేనే మంచం. అదీ ఇటుక గోడకో కాంక్రీటు గోడకో అయితేనే. జిప్సం పార్టిషన్‌కి, అంటే జిప్సం బోర్డులతో కట్టిన అడ్డుగోడకి, బిగించమని మాత్రం అడగొద్దు.

చోటు కలిసొస్తుందని వార్డ్‌రోబ్ లోతు 16 అంగుళాలు చాలంటారు కొందరు. మామూలు హ్యాంగరే 17 అంగుళాలు ఉంటుంది, తలుపు మూసుకోదు. 22 అంగుళాలైనా ఇవ్వండి. వీల్లేకపోతే బట్టలు మన వైపు తిరిగి వేలాడేలా లోపలినుంచి బయటికి లాగే రాడ్డు పెడతాం. బట్టలు తక్కువ పడతాయి, తలుపు మాత్రం మూసుకుంటుంది.

అద్దాల సంగతి. అద్దం పెడితే గది రెట్టింపు కనిపిస్తుందని నమ్మి, గ్యాస్ పొయ్యి ఎదురుగా పెట్టమన్నవారున్నారు. అప్పుడు రెట్టింపయ్యేది గిన్నెలే! వాస్తుశిల్పి లె కార్బూజియే 1952లో సముద్రం ఒడ్డున తనకోసం కట్టించుకున్న గది 3.66 మీటర్ల చదరం, ఎత్తు 2.26 మీటర్లే. అందులో ఆయన కిటికీ రెక్కల లోపలి వైపు అద్దాలు పెట్టాడు, బయటి దృశ్యం లోపలికి వచ్చేలా. మేమూ అద్దాన్ని కిటికీ వెలుతురు పడేచోటే పెడతాం.

గుమ్మం నుంచి కిటికీ దాకా రెండున్నర అడుగుల దారి వదలని డిజైను ఎంత అందంగా ఉన్నా గీయం.

మీకు నచ్చని మాట ఒకటుంది. ఇంట్లో ఉంటూ పని చేయించుకోవడం ఇకపై కుదరదు. ఉన్నది ఒకే గది, కార్పెంటర్ రంపపు పొట్టు రేపుతుంటే పెయింటరే లోపలికి రాలేడు, మీరెలా ఉంటారు? ఒకరి తర్వాత ఒకరు చేయాలి కాబట్టి, చిన్న ఇల్లయినా గడువు అనుకున్నంత చిన్నది కాదు. ఒక ఇల్లు అప్పగించాకే ఇంకోటి మొదలుపెడతాం, కాబట్టి వరసలో ఉన్నవారు కొంచెం ఆగాల్సి వస్తుంది.

మమ్మల్ని పిలిచే ముందు మీ లిఫ్టులో 8 అడుగుల ప్లైవుడ్ షీటు పడుతుందో లేదో వాచ్‌మన్‌ని అడిగి పెట్టండి. పడకపోతే చెక్కంతా మా షెడ్డులోనే కోసి తేవాలి, ఎస్టిమేటు ఆ లెక్కన వేస్తాం.