మార్కో పోలో మన ఊరికి వచ్చాడని ఎవరు చెప్పారురా?

హనుమకొండ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సుధాకర్,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర దాటింది. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. అమ్మ మోకాళ్లు కాస్త నయం. చిన్నవాడికి పళ్లు ఊడుతున్నాయి. స్కూటరు అమ్మేశాను, ఆ ఏడుపు మరోసారి. ఇప్పుడు ఒక సంగతి నీకు చెప్పకపోతే అన్నం సహించేలా లేదు.

మొన్న ఏడో తరగతిలో కాకతీయుల పాఠం. నా పద్ధతి నీకు తెలుసు కదా, రుద్రమదేవి దగ్గరికి రాగానే ఒంట్లోకి ఏదో పూనుతుంది. ‘మార్కో పోలో ఓరుగల్లు కోటకు వచ్చి, రాణి కొలువులో కూర్చుని...’ అని చేతులు తిప్పుతూ చెబుతున్నాను. పదేళ్లుగా ఇలాగే చెబుతున్నాను. మూడో బెంచీ పిల్ల లేచింది. ‘సార్, ఆయన ఆ మాట ఎక్కడ రాశాడు?’ పుస్తకంలో అన్నాను. ‘మీరు చదివారా సార్?’

చదవలేదురా. రేపు చెబుతానని కూర్చోబెట్టాను.

రాత్రి ఫోను పట్టుకుని కూర్చుంటే ఒకటి కాదు, పదకొండు చోట్ల దొరికింది. హమ్మయ్య అనుకున్నాను. తీరా చూస్తే పదకొండింటిలోనూ అదే వాక్యం. ‘పరిపాలనా దక్షత’లో ‘ద’కు పడ్డ ఒత్తు కూడా అన్నింటిలోనూ పడింది! పదకొండు మంది సాక్షులు కారు, ఒక్కడే పదకొండు చొక్కాలు మార్చుకుని వచ్చాడు. బి.ఇడి.లో మన రికార్డు పుస్తకాలు గుర్తొచ్చాయి. నీ ‘కప్ప గుండె’ను నలుగురం దించుకున్నాం చూడు, అలాగన్నమాట.

ఇక మూలానికే పోదామని వెతికితే మార్కో పోలో యాత్రల పుస్తకానికి హెన్రీ యూల్ చేసిన ఇంగ్లీషు అనువాదం గూటెన్‌బర్గ్ ప్రాజెక్టులో ఉచితంగా ఉంది. రెండు లావుపాటి సంపుటాలు. ఓరుగల్లు కొలువు ముచ్చట ఎక్కడా లేదు! రాజ్యం పేరు ‘ముత్ఫిలి’ అంటాడు, అంటే మోటుపల్లి. గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన రేవు అదే. రాణి పేరైనా చెప్పడు. న్యాయం, శాంతి కోరే రాణి అని మెచ్చుకుంటాడంతే. వజ్రాల లోయలోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వాటితోపాటు వజ్రాలనూ మోసుకొస్తాయట. సాలెగూడులాంటి సన్నని బట్టలు నేస్తారట. ప్రపంచంలోకెల్లా పెద్ద గొర్రెలు అక్కడే ఉన్నాయట. అక్కడ ఆగి, ఐనవోలు జాతరలో నువ్వు గాడిదనుకుని పక్కకు తప్పుకున్న గొర్రెను తలుచుకుని ఒక్కడినే నవ్వాను. మా ఆవిడ లేచి లైటు వేసింది.

అయితే అసలు చిక్కు అక్కడే మొదలైంది. భర్త పోయాక నలభై ఏళ్లు ఆ రాణి రాజ్యం ఏలిందని రాశాడాయన. మన రుద్రమ గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. భర్త చాళుక్య వీరభద్రుడు కాకతీయ రాజు కాడాయె. ఆమె పట్టమెక్కిన 1262 నుంచి లెక్కేసినా 27 ఏళ్లే. పైగా నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం తేదీ 1289 నవంబరు 27, రాణి అప్పటికే శివసాన్నిధ్యం చేరిందని ఉంది. పోలో చైనా వదిలి ఓడెక్కింది 1292 ప్రాంతంలో. మూలం దొరికింది కదా అని చంకలు గుద్దుకుంటే, ఆ మూలమే ఎవరో చెప్పగా విన్న మాటలా ఉంది. యూల్ కింద వేసిన నోట్సు అసలు పాఠం కంటే పెద్దవి, అవీ చదివాను. తెల్లవారింది.

అన్నట్టు, తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో యుద్ధంలోనే రాణి మరణించిందని మనం గట్టిగా చెబుతాం కదా? ఆ రాయి మీద యుద్ధం ఊసే లేదు. అది పండితులు అన్నీ కలిపి చేసిన ఊహ. మంచి ఊహే కావచ్చు, కానీ... సరే, దీని మీద నీతో కూర్చుని మాట్లాడాలి.

మర్నాడు క్లాసులో తప్పు ఒప్పేసుకున్నాను. చెవులు వేడెక్కాయిరా, నిజం. ఆ పిల్ల మాత్రం సంతోషించలేదు. ‘అయితే సార్, శాసనం వేయించిన ఆయన ఆ రోజు అక్కడ ఉన్నాడా?’ అంది. చందుపట్ల శాసనం వేయించిన పువ్వుల ముమ్మడి గురించి అడుగుతోంది! వెనక బెంచీ వాళ్లకు మాత్రం గొర్రె ఎంత ఎత్తో కావాలి.

ఇప్పుడు ఈ మూలాలు వెతికే పిచ్చే పట్టింది. వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడి 1163 నాటి శాసనాన్ని ఫ్లీట్ దొర 1882 ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో అచ్చువేశాడు. ఆ సంపుటం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంది. రోజూ బస్సులో ఆ గుడి ముందు నుంచే పోతాను, సిగ్గులేకుండా. తెలుగు పాత పుస్తకాల స్కానులతోనే చావు. పదం కొట్టి వెతికితే అక్షరాలు ముక్కలై వస్తాయి, ఒక్కో పుటా తిప్పాల్సిందే. నీ దగ్గర ఆ పాత శాసనాల సంపుటం, మనం కోఠీలో బేరమాడి కొన్నది, ఇంకా ఉందా? చెదలు తినేశాయని మాత్రం అనకు. వచ్చే ఆదివారం పిల్లలను గుడికి తీసుకెళ్లి, అచ్చు కాగితం చేతికిచ్చి, రాయి మీద మొదటి పంక్తి...

బావమరిది చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కాజీపేటలో మంచిర్యాల రైలు మూడున్నరకట, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. సంపుటం కూడా అతనితోనే పంపు, మరిచిపో