కృతజ్ఞతకు మూడ్ కోసం ఆగక్కర్లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

కృతజ్ఞత గురించి ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు జరిగిన మంచి విషయాలు డైరీలో రాసుకోమని అందులో సలహా ఇచ్చారు. మంచిదే, కాదనను. కాకపోతే రాత్రయ్యేసరికి ఒళ్లు హూనమై, రేపటి టెన్షన్ బుర్రలో తిరుగుతుండే ఇళ్లలో ఆ డైరీ ఎన్నాళ్లు సాగుతుందా అని నా అనుమానం. మా ఇల్లు అలాంటిదే. మా ఆయనకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారికి నాలుగేసి గంటలు. మెషిన్ మీద నుంచి లేచొచ్చిన రోజు ఆయనకు మాట్లాడే ఓపిక కూడా ఉండదు. ఆ రాత్రి నన్ను డైరీ తెరవమంటే తెరవలేను.

మాది చర్చికి వెళ్లే కుటుంబం. ప్రతి విషయంలోనూ కృతజ్ఞతలు చెల్లించమని బైబిల్లో పౌలు థెస్సలొనీకయులకు రాసిన ఉత్తరంలోని మాట చిన్నప్పుడే కంఠతా వచ్చు. అయితే మనసును ‘కృతజ్ఞతగా ఉండు’ అని గదమాయిస్తే వింటుందా? నా మనసైతే వినలేదు. చెయ్యీ నోరూ మాత్రం చెప్పినట్టు వింటాయి. అందుకని స్తోత్రాన్ని, అంటే దేవుడికి థాంక్స్ చెప్పుకోవడాన్ని, మనసుకు వదిలిపెట్టకుండా రోజూ ఎలాగూ చేసే పనులకు ముడిపెట్టుకున్నాను. వాటిలో మొదటిది మంచినీళ్లు తాగడం.

ఎందుకంటే, ఆరోగ్యంగా ఉన్న మనిషి కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్లు వడపోస్తాయట. దాదాపు అంతా మళ్లీ రక్తంలోకే పంపించి, ఏ లీటరున్నరో రెండు లీటర్లో మాత్రం బయటికి వదులుతాయట. ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల వడపోత గొట్టాలు ఉంటాయని డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ఆ పనిలో కొంత భాగం చేయడానికే అంత పెద్ద మెషినూ, కరెంటూ, చేతికి రెండు సూదులూ కావాలి. మా ఆయన నీళ్లు కొలుచుకుని తాగాలి. కాస్త ఎక్కువైతే కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది. నేనేమో దాహం వేసినప్పుడల్లా గ్లాసు ఎత్తేస్తాను, అవసరమైతే లేచి బాత్రూంకి వెళ్లొస్తాను. ఇది కూడా దేవుడికి స్తోత్రం చెప్పాల్సిన విషయమేనని నాకు ఏ సండే స్కూల్లోనూ చెప్పలేదు.

యూదులు మాత్రం పిల్లలకు నేర్పుతారు. బాత్రూం నుంచి వచ్చి చేతులు కడుక్కున్నాక చెప్పుకునే ప్రార్థన ఒకటి వాళ్లకు ఉంది. ఒంట్లో తెరుచుకుని ఉండాల్సినవి మూసుకుపోయినా, మూసుకుని ఉండాల్సినవి తెరుచుకున్నా మనిషి నీ ముందు నిలబడలేడు ప్రభువా అని దాని భావం. (పత్రికలో రాసే మాటేనా ఇది అనుకోకండి. డయాలసిస్ వార్డులో ఎవరూ దీనికి మొహమాటపడరు.) రోజుకు 100 స్తుతులు చెప్పాలని కూడా వాళ్ల సంప్రదాయం. ముస్లింలు తుమ్మినా అల్‌హందులిల్లా (స్తుతి అంతా దేవుడికే) అంటారు, భోజనం ముగించాకా అంటారు. పొద్దున్నే నేల మీద కాలు మోపబోతూ భూదేవిని మన్నించమని అడిగే శ్లోకం హిందువులకు ఉంది. మాకు భోజనానికి ముందు ప్రార్థన ఉంది. ఇవేవీ మూడ్ బాగుందా అని అడగవు. లేచావా, తిన్నావా, తుమ్మావా, అయితే చెప్పు అంటాయి. పెద్దవాళ్లు మన మనసుల్ని ఎంత బాగా చదివారో!

డైరీని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. ఎమన్స్, మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో, వారానికోసారి కృతజ్ఞతలు రాసుకున్నవాళ్లు, చికాకులు రాసుకున్నవాళ్ల కంటే తమ జీవితం పట్ల తృప్తిగా కనిపించారు. నాకున్న ఇబ్బంది ఒక్కటే. డైరీలో ఆ మాట ఎవరితో చెబుతున్నట్టు? ‘తండ్రీ, స్తోత్రం’ అన్నప్పుడు వినేవాడు ఒకడున్నాడు. కొన్ని రోజులు ఆ మాట పొడిగా, అలవాటుగా మాత్రమే వస్తుంది. రానివ్వండి. ఇంకో రోజు అదే మాటకు గొంతు పూడుకుపోతుంది.

ఇక పరామర్శకు వచ్చేవాళ్ల సంగతి. ‘మీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు ఎంతమంది లేరు, మీరు నయం, దేవుడికి వందనాలు చెప్పుకోండి’ అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ పక్కవాడి కంటే మనం మెరుగని చెప్పుకునే థాంక్స్ ఎలాంటిదో లూకా సువార్త 18వ అధ్యాయంలో ఉంది. పన్నులు వసూలు చేసే ఆ సుంకరిలా నేను లేనందుకు వందనాలు అని దేవాలయంలో నిలబడి ప్రార్థించిన పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదుడు, నీతిమంతుడిగా ఇంటికి వెళ్లలేదు. పక్క బెడ్ మీద ఉన్నాయన ఇంకా నీరసంగా ఉన్నాడని నేను స్తోత్రం చెప్పలేను. ఆయన భార్య నా పక్కనే కూర్చుని ఉంటుంది.

కష్టాన్ని కష్టం అనకూడదని కూడా బైబిల్లో ఎక్కడా లేదు. 13వ కీర్తన ఎన్నాళ్లు నన్ను మరచిపోతావు అని దేవుణ్ణి నిలదీస్తూ మొదలై, ఆరు వచనాల్లోపే పాటకు చేరుతుంది. 88వ కీర్తన అక్కడికీ చేరదు, చీకటిలోనే ముగుస్తుంది. అయినా దాన్ని ప్రార్థనల పుస్తకంలోంచి ఎవరూ తీసేయలేదు. మా ఆయన ‘ఈ రోజు నావల్ల కాదు’ అన్నప్పుడు నేను వచనాలు అప్పజెప్పను. ఊరుకుంటాను.

దేవుడికి చెప్పేశాం కదా అని మనుషుల్ని వదిలేయడం ఇంకో జబ్బు. ఆస్పత్రిలో ‘అంతా దేవుడి దయ’ అంటూ, సూది వేసిన టెక్నీషియన్ వైపు తిరిగి చూడకుండా వెళ్లిపోయేవాళ్లను చాలామందిని చూశాను. నొప్పి ఎక్కువ తెలియకుండా సూది వేసే అమ్మాయికి మా ఆయన పేరు పెట్టి పిలిచి మరీ థాంక్స్ చెబుతారు. ఆ రోజు ఆ అమ్మాయి షిఫ్టులో ఉందని తెలిస్తే బయల్దేరేటప్పుడే ఆయన మొహం తేటపడుతుంది.

చివరగా మా చర్చి పెద్దలకు, మిగతా చర్చిల పెద్దలకు కూడా మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో జబ్బు నయమైనవాళ్లనే ముందుకు పిలుస్తున్నారు. నయం కానివాళ్లు వెనక బెంచీల్లో తల దించుకుని కూర్చుంటున్నారు. నెలకొక్కసారైనా మైకు వాళ్లకు ఇవ్వండి. మా ఆయన చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు. ఎక్కువసేపు నిలబడలేరు కాబట్టి ఒక కుర్చీ వేస్తే చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు