సెటిల్మెంట్ డబ్బుకి ట్యాక్స్ కట్టాలా?

మామా,

నీ ఉద్యోగ వివక్ష కేసు సెటిల్మెంట్ కాగితం మీద ఇంకా సంతకం పెట్టకు. "అన్ని క్లెయిములకూ కలిపి 90,000 డాలర్లు" అని ఒక్క ముక్కలో తేల్చేశారే, అది అలాగే ఉండిపోతే రిటర్ను వేసేటప్పుడు నీకే చిక్కు.

అమెరికాలో ఐఆర్ఎస్, అంటే అక్కడి పన్ను శాఖ, చూసేది ఒకటే: ఈ డబ్బు దేనికి బదులుగా వచ్చింది? ఒంటికి దెబ్బ తగిలినందుకు ఇచ్చిందైతే పన్ను చట్టం సెక్షన్ 104 కింద ట్యాక్స్ లేదు, ఆ దెబ్బవల్ల పోయిన జీతానికైనా సరే. నీది ఉద్యోగంలో వివక్ష కేసు కదా, దారి వేరు. 1996లో ఆ సెక్షన్‌లో "శారీరక" అన్న మాట చేర్చారు. అప్పటినుంచి మనోవేదనకిచ్చే పరిహారం ఆదాయం కిందే లెక్క. నిద్రలేమి, తలనొప్పి, కడుపునొప్పి అని రాసుకున్నా అవి మనోవేదన లక్షణాలే అంటారు, గాయం అనరు. వాటి వైద్యానికైన ఖర్చుకి మాత్రం, ఇదివరకు డిడక్షన్ తీసుకోకపోతే, మినహాయింపు దొరుకుతుంది. బిల్లు ఒక్కటి కూడా పారెయ్యకు. ప్యూనిటివ్ డ్యామేజీలూ (అవతలివాళ్ళకి శిక్షగా కట్టించే డబ్బు) వడ్డీ సరేసరి, రెండిటికీ ట్యాక్సే.

నీకు రావాల్సిన పాత జీతం భాగం డబ్ల్యూ-2 (జీతం చూపించే ఫారం) మీద వస్తుంది. సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం, ఇన్‌కమ్ ట్యాక్స్ పట్టుకునే ఇస్తారు. మనోవేదన భాగం 1099-మిస్క్ (జీతం కాని ఇతర ఆదాయం చూపించే ఫారం) మీద, మామూలుగా ఏమీ పట్టుకోకుండా వస్తుంది. అదంతా ఖర్చుపెట్టుకోవచ్చనుకుంటే మోసపోతావు. 1040-ఈఎస్ ఫారంతో ఆ క్వార్టర్‌లోనే అడ్వాన్సు ట్యాక్స్ కట్టెయ్, పెనాల్టీ దాకా పోనివ్వకు.

ఇక లాయరు ఫీజు. 40 శాతం అంటే నీ చేతికొచ్చేది 54,000. మిగతా 36,000 నేరుగా లాయరుకే వెళ్ళినా అదీ నీ ఆదాయమేనని 2005లో బ్యాంక్స్ అనే ఆయన కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. కళ్ళతో చూడని డబ్బుకి ట్యాక్స్ ఏమిటని నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నీది వివక్ష కేసు కాబట్టి రిటర్నుకి జతచేసే షెడ్యూల్ 1లో 24హెచ్ లైన్‌లో ఆ ఫీజుని ఆదాయంలోంచి తీసెయ్యొచ్చు. పరువునష్టం కేసు వేసినవాళ్ళకి మామూలుగా ఆ వెసులుబాటు లేదు.

అందుకని మీ లాయరుతో మూడు అంకెలు విడివిడిగా రాయించు: జీతానికి ఎంత, మనోవేదనకి ఎంత, ఫీజు ఎంత. ఏది ఏ ఫారం మీద వస్తుందో కూడా పక్కనే ఉండాలి. ఆ విభజన నీ ఫిర్యాదులో ఉన్నదానికి సరిపోవాలి సుమా. ఫిర్యాదులో ఎక్కడా లేని గాయాన్ని ఇప్పుడు ఒప్పందంలో ఇరికిస్తే ఐఆర్ఎస్ ఒప్పుకోదు.

ఫిర్యాదు కాపీ, ఫీజు అగ్రిమెంటు, డాక్టరు బిల్లులు స్కాన్ చేసి పంపు. రాత్రికి అంకెలు వేసి చూద్దాం.

నీ
మామ