ఆ ఆరు చక్రాల బండి తొట్టికి రంధ్రాలు వేయవద్దు

సంపాదకులకు నమస్కారం.

గత నెలాఖరున మీ పత్రిక నెల్లూరు జిల్లా పేజీలో, పట్టణంలోని ఒక ప్రభుత్వ కార్యాలయం ప్రహరీ పక్కన ఏళ్ళ తరబడి ఎండకు ఎండి వానకు తడుస్తున్న ఆరు చక్రాల బండికి ఎట్టకేలకు మోక్షం కలుగుతోందని వార్త వచ్చింది. నేల మీదా నీటి మీదా నడిచే ఆ బండికి రంగులు వేసి, సిమెంటు దిమ్మె మీద బిగించి, చుట్టూ దీపాలు పెట్టి, జనం ఫొటోలు దిగడానికి అనువుగా తయారు చేస్తారట. ఆ బండిని నడిపి, విప్పి, మళ్ళీ బిగించిన వాళ్ళలో నేనొకడిని. చేయబోయే పనుల జాబితా చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. కార్యాలయానికి వెళ్ళి చెబితే వినే నాథుడు లేకపోవడం వల్ల మీకు రాస్తున్నాను.

ముందుగా మీ వార్తలోని ఒక విషయం సరిదిద్దాలి. అది రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక వాహనం కాదు. 1942లో అమెరికాలో తయారైన 'డక్' అనే ఆరు చక్రాల ఉభయచర లారీ 31 అడుగుల పొడవు, సుమారు ఆరున్నర టన్నుల బరువు ఉండేది. మన బండి పొడవు తొమ్మిది అడుగులకు మించదు, నలుగురు మనుషులు పట్టి ఒక పక్కకు ఎత్తగలరు. ఇది 1960 దశకంలో కెనడాలో 'జిగర్'తో మొదలై, ఆ తరువాత 'ఆంఫీక్యాట్', 'అటెక్స్', 'మ్యాక్స్' వంటి పేర్లతో కెనడా, అమెరికాలలో వేటగాళ్ళకూ, బురద నేలల్లో పనిచేసే వాళ్ళకూ అమ్మిన చిన్న బండ్ల జాతికి చెందినది. ఆ జాతిలో 1967లో వచ్చిన 'ఆర్గో' ఒంటారియోలో నేటికీ తయారవుతోంది. కాబట్టి దీనిని గురించి తెలుసుకోవాలనుకునే అధికారికి సమాచారం దొరకదన్న సాకు లేదు.

మన జిల్లాకు ఇది రొయ్యల పుణ్యమా అని వచ్చింది. 1990 దశకం తొలి రోజుల్లో అల్లూరు, విడవలూరు తీరాన గుంటలు తవ్విన ఒక కంపెనీ దీన్ని సెకండ్ హ్యాండులో తెప్పించింది. ఈశాన్య రుతుపవనాల వానలకు గట్లు ముద్దయి ట్రాక్టరు ఇరుసు దాకా దిగబడినప్పుడు, మేత బస్తాలనూ నీటికి గాలి అందించే ఏరేటర్ల మోటార్లనూ గుంటల మీదుగానే దాటించింది ఈ బండి. తరువాత రొయ్యలను చంపే వైట్ స్పాట్ వైరస్ వచ్చింది, 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల గుంటలకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, కంపెనీ మూతపడింది. వేలంలో ఎవరూ పాడని ఈ బండి ఆ ఆవరణకు చేరి అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు దీనికి చేయబోతున్న పని ఏమిటో పాఠకులకు వివరంగా చెప్పాలి. అచ్చుపోసిన ప్లాస్టిక్ తొట్టే ఈ బండికి పడవ. ఇంజను, గేరుపెట్టె, చైన్లు అన్నీ ఆ తొట్టి లోపలే ఉంటాయి, బయటకు వచ్చేవి ఆరు ఇరుసు కొసలు మాత్రమే. ఆ ఆరు చోట్లా బేరింగుల పక్కన ఉండే ఆయిల్ సీళ్ళు నీటిని లోపలికి రానివ్వవు. అటువంటి తొట్టి అడుగున దిమ్మె బోల్టుల కోసం నాలుగు రంధ్రాలు, వాన నీరు పోవడానికి మరికొన్ని రంధ్రాలు వేస్తారట. వాన నీరు పోవడానికి తయారీదారు పెట్టిన ప్లగ్గు వెనుక భాగంలో ఉంది, దాన్ని విప్పితే చాలు. పిల్లలు చక్రాలు తిప్పకుండా ఇరుసులకు వెల్డింగు కూడా చేస్తారట. ఈ రెండు పనులూ జరిగిన మరుక్షణం ఆ బండి ఇక ఎన్నటికీ నడవదు, తేలదు.

రంగు పని సంగతీ అంతే. ఏబీఎస్ అనే గట్టి రకం ప్లాస్టిక్ మీద ఘాటైన థిన్నరు కలిపిన రంగు కొడితే పైపొర మెత్తబడి, ఆరిన తరువాత సన్నని పగుళ్ళు పారుతుంది. ముందు అది ఏ ప్లాస్టికో తేల్చుకోవాలి. కనబడని మూలలో అసిటోన్ అనే ద్రావకం అద్దిన గుడ్డతో రుద్దితే ఏబీఎస్ జిగురుగా మారుతుంది, పాలిథిన్ జాతి ప్లాస్టిక్ మారదు. ఏబీఎస్ అయితే పగులు కొసన చిన్న బెజ్జం వేసి పగులు సాగకుండా ఆపి, అదే ప్లాస్టిక్ ముక్కలను అసిటోన్‌లో కరిగించిన ముద్దతో లోపలి వైపు నుంచి అతుకు వేయవచ్చు. పాలిథిన్ అయితే దానికి ఏ జిగురూ పట్టదు, వేడిగాలితో ప్లాస్టిక్ వెల్డింగే చేయాలి. దీనికి విదేశీ నిపుణులు అవసరం లేదు, ఆటోనగర్‌లో బంపర్లు అతికే కుర్రవాళ్ళకు ఈ పని వచ్చు.

మిగిలిన సామాను విషయంలోనూ నిరాశ పడవలసినది లేదు. బిగుసుకున్న ఇంజనును బలవంతంగా తిప్పకుండా, స్పార్కు ప్లగ్గు తీసి సిలిండరులో నూనె పోసి కొన్నాళ్ళు నానబెట్టాలి. అది టూ స్ట్రోక్ ఇంజను, రాజ్‌దూత్ మోటారుసైకిళ్ళ కాలం నాటి మెకానిక్కులు మన ఊళ్ళో ఇంకా ఉన్నారు. రోలర్ చైన్లు రైసు మిల్లులకు అమ్మే దుకాణంలో కొలత చెబితే ఇస్తారు, అయితే అరిగిన పళ్ళచక్రాలను ఉంచేసి చైన్లు ఒక్కటే మార్చితే ఆ చైన్లు మళ్ళీ త్వరగానే పోతాయి. బేరింగులకు నంబర్లు ఉంటాయి. గాలి విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి, ఆ లావుపాటి టైర్లకు పట్టేది రెండు మూడు పౌండ్ల గాలి మాత్రమే. కారు టైరుకు పెట్టినట్టు 30 పౌండ్లు పెట్టిస్తే టైరు పగిలి మనిషికి ప్రమాదం. ఆ కొద్ది గాలి వల్లనే బరువు పరుచుకుని, మనిషి కాలు దిగబడే చోట కూడా బండి దిగబడదు. దానికి స్టీరింగు చక్రం లేదు, రెండు లీవర్లే ఉన్నాయి. ఎడమది లాగితే ఎడమ వైపు మూడు చక్రాలూ నిలిచి బండి అటు మళ్ళుతుంది. దమ్ము చేసేటప్పుడు ఒక పక్క బ్రేకు తొక్కి ట్రాక్టరును తిప్పే రైతుకు దీన్ని నేర్పనక్కర లేదు.

పెన్నా వరదలో కూడా ఈదుతుందని మీ వార్తలో రాసిన మాట కూడా సరికాదు, ప్రమాదకరం కూడా. నీటిలో టైర్ల పట్టీలే తెడ్లు, గంటకు నాలుగైదు కిలోమీటర్లకు మించి పోదు, ప్రవాహానికి ఎదురు నిలవలేదు. దాని చోటు నిలవ నీరు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, జాతీయ రహదారి తెగినప్పుడు, ఉద్ధృతి తగ్గిన తరువాత రోజుల తరబడి మోకాలి లోతు నీరు, ఒండ్రు నిలిచిన పొలాలు, వీధులు ఎన్ని లేవు? పడవకు లోతు చాలదు, ట్రాక్టరుకు బురద ఎక్కువ. మంచినీళ్ళ డబ్బాలు, మందులు చేర్చడానికి ఇటువంటి బండి పనికివచ్చేది అక్కడే.

అంచనాలో రంగుకు పద్దు ఉంది, దీపాలకు ఉంది, శిలాఫలకానికి ఉంది. బేరింగులకూ, ఆయిల్ సీళ్ళకూ, గ్రీజుకూ ఒక్క పైసా లేదు. ఈ ఒక్క బండి విషయంలోనే ఇలా జరిగి ఉంటే నేను ఇంత బాధపడేవాడిని కాదు. కొనడానికీ, ప్రారంభించడానికీ ఉన్న శ్రద్ధ కాపాడుకోవడంలో మనకు లేకుండా పోయింది. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ జలాశయం గేటు 2022లో కొట్టుకుపోయి, నిలవ ఉన్న నీరు ఎంతో సముద్రం పాలైంది. మరుసటి ఏడాది డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చిన కొద్ది రోజులకే మరో గేటు పోయింది. ఇనుముకు తుప్పు పడుతుందని, చైనుకు గ్రీజు పెట్టాలని, సీలుకు వయసు అయిపోతుందని చెప్పే ఫిట్టర్ల పోస్టులు ఖాళీ అయితే నింపరు. ఉన్నవాళ్ళ మాటకు విలువ లేదు. నేను వెళ్ళినప్పుడు ఆ కార్యాలయంలో ఒకరు, పాత ఇనుముకు ఇంత రాద్ధాంతం ఎందుకని అడిగారు. ఆ పాత ఇనుము వానల్లో గుంటల మధ్య చిక్కుకున్న కాపలా మనుషులను గట్టుకు చేర్చడం నేను కళ్ళారా చూశాను.

అధికారులను కోరేది ఇంతే. రంధ్రాలు, వెల్డింగు పనులను వెంటనే ఆపించండి. బండిని ఒక రేకుల షెడ్డు కిందికి జరిపించండి, ఎండకు ఆ ప్లాస్టిక్ రోజురోజుకూ పెళుసవుతోంది. దిమ్మెకు, దీపాలకు కేటాయించిన డబ్బుతో ఐటీఐ విద్యార్థుల చేత, అనుభవం ఉన్న మెకానిక్ పర్యవేక్షణలో దాన్ని పూర్తిగా విప్పించి బాగు చేయించండి. తరువాత జనం ఫొటోలు దిగినా ఎవరికీ అభ్యంతరం లేదు. కంపెనీ షెడ్డులో పనిచేసిన రోజుల్లో దాని బేరింగుల నంబర్లు, సీళ్ళ సైజులు, చైన్ల కొలతలు రాసుకున్న పుస్తకం నా దగ్గర భద్రంగా ఉంది. సంబంధిత అధికారి ఎవరైనా మీ పత్రిక ద్వారా కబురు పంపితే, ఆ పుస్తకం తీసుకుని వచ్చి, ఓపిక ఉన్నంత వరకు ఉచితంగా దగ్గరుండి పని చేయించి పెడతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత మెకానిక్,
కోవూరు, నెల్లూరు జిల్లా.