పాత బాస్కెట్‌బాల్ సినిమాకు మీరు చేయించిన తెలుగు డబ్బింగ్‌పై ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

నమస్కారం. మీ యాప్‌లో ‘లవ్ అండ్ బాస్కెట్‌బాల్’కి తెలుగు ఆడియో వచ్చిందని చూసి ఏడాది చందా కట్టాను. సికింద్రాబాద్‌లో ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తాను. వాళ్లకు చూపించాలని ఎప్పటినుంచో అనుకుంటున్న సినిమా ఇది. తీరా చూస్తే, అది దేనికి పేరు తెచ్చుకుందో దాన్నే మీ డబ్బింగ్ పాడుచేసింది.

2000లో వచ్చిన ఈ సినిమాను రాసి, తీసింది జీనా ప్రిన్స్-బైథ్‌వుడ్. దర్శకురాలిగా ఆమెకిది మొదటి సినిమా. లాస్ ఏంజెలిస్‌లో పక్కపక్క ఇళ్లలో పెరిగిన మోనికా, క్విన్సీ ఇద్దరివీ కాస్త కలిగిన నల్లజాతి కుటుంబాలే. క్విన్సీ తండ్రి అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆటగాడు. నల్లవాళ్ల కథంటే తుపాకులు, గ్యాంగులే అన్నట్టు నడుస్తున్న రోజుల్లో ఈ దర్శకురాలు ఇళ్లు, చదువులు, ఆట, మొగుడూపెళ్లాల గొడవలు చూపించింది. 2023లో దీన్ని అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో చేర్చారు కూడా.

ఇక మీ తెలుగు. హీరో హీరోయిన్లు పేపర్ భాష మాట్లాడతారు. వాళ్ల అమ్మానాన్నలకు, తోటి ఆటగాళ్లకు మాత్రం తెలంగాణ యాస, అదీ మన పాత సినిమాల్లో రౌడీ పక్కన నిలబడేవాడి గొంతుతో. అంత పెద్ద ఆటగాడు కొడుకుని ‘ఏందిర బై’ అని పలకరిస్తాడు. కాలేజీలో తెల్ల కోచ్ వచ్చేసరికి మాత్రం వార్తలు చదివినంత శుభ్రంగా ఉంది! ఈ ఐడియా ఎవరిదో గానీ, ఒక్క దెబ్బకి అక్కడి నల్లవాళ్లనీ ఇక్కడి మమ్మల్నీ కించపరిచారు.

వంటింట్లో తల్లీకూతుళ్లు గొడవపడే సీన్ ఉంది. సంసారం కోసం కేటరింగ్ వ్యాపారం ఆలోచన వదులుకున్న తల్లి, తన ఆటని పట్టించుకోలేదని మండిపడే కూతురు. తల్లిగా వేసిన ఆల్ఫ్రె వుడార్డ్ ముఖంలో ఎంత నొప్పి ఉందో, మీరు అతికించిన గొంతులో అంత వెటకారం. ‘ఓ పోరీ, జర ఆగరాదే’ అని సాగదీసి అనిపించారు. మా పిల్లలు పకపకా నవ్వారు. వాళ్లలో చాలామంది ఇళ్లలో అమ్మ మాట్లాడేది ఆ యాసే.

నేను పుట్టి పెరిగింది బోయిన్‌పల్లిలో. యాస పెట్టొద్దని అనడం లేదు, పెడితే మోనికాకీ పెట్టండి. 2017లో ‘ఫిదా’ హీరోయిన్ అదే యాసలో మాట్లాడితే జనం నెత్తిన పెట్టుకున్నారు.

పోస్టర్ మీద క్విన్సీ ఒక్కడే ఉన్నాడు. కింద ‘ఎన్‌బీఏ కలలు కనే కుర్రాడు, అతన్ని ప్రేమించే పక్కింటి అమ్మాయి’ అని రాశారు. ఆ పక్కింటి అమ్మాయి ఆట కోసం స్పెయిన్ వెళ్తుంది. అమెరికాలో ఆడవాళ్ల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ ఆటలు 1997లో మొదలయ్యాయి. సినిమా చివర్లో ఆ లీగ్‌లో కోర్టు మీద ఆడేది ఆమె, బిడ్డని పెట్టుకుని స్టాండ్స్‌లో కూర్చునేది అతను.

చాట్‌లో చెబితే ‘ఆడియో సమస్యకు యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి’ అన్నారు. అందుకే ఈ లేఖ. ఆ తెలుగు ట్రాక్ వెంటనే తీసేయండి, మళ్లీ చేయించేదాకా తెలుగు సబ్‌టైటిల్స్ ఇవ్వండి. పోస్టర్, పరిచయం మార్చండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుపై 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. ఆలోగా జవాబు రాకపోతే మీరు సభ్యులుగా ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు పంపిస్తాను.

ఇట్లు,
మీ చందాదారు, సికింద్రాబాద్