‘లేదు’ పుస్తకంతో ఒక ఏడాది: మన దుకాణదారుల సంఘం వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులవారికి, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక పెట్టాలని నియమావళిలో ఉంది కాబట్టి పెడుతున్నాను. అది ఒక్కటే కారణం కాదు. పగలంతా కౌంటర్ దగ్గర నిలబడి, షట్టర్ దించాక సంఘం పనికి వచ్చినవాళ్లు కొందరున్నారు. వాళ్లు చేసింది కాగితం మీదకు ఎక్కకపోతే వచ్చే ఏడాదికి ఎవరికీ గుర్తుండదు. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలుసు, మళ్లీ చెప్పను.

కిందటి సమావేశంలో ‘సభ్యుల దుకాణాల్లో అమ్మకాలు పెంచేందుకు తగు చర్యలు తీసుకోవాలి’ అని తీర్మానించారు. ఆ తగు చర్యలు ఏమిటో మాత్రం ఎవరూ చెప్పలేదు. మొదటి రెండు కార్యవర్గ సమావేశాలు పెద్ద దుకాణాలను, ఫోన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లను తిట్టుకోవడంతోనే సరిపోయాయి. నేనూ తిట్టాను. మూడో సమావేశంలో, ఎప్పుడూ నోరు విప్పని ఒక పెద్దాయన, ‘మనం రోజుకు ఎన్నిసార్లు లేదు అంటున్నామో ఎవరైనా లెక్కపెట్టారా?’ అని అడిగారు. ఎవరూ లెక్కపెట్టలేదు. ఈ ఏడాది పనంతా ఆ ఒక్క ప్రశ్నలోంచే పుట్టింది.

పద్ధతి తేలిక. ఒక నోటు పుస్తకాన్ని పురికొసతో కాటా పక్కన కట్టాలి. ఎవరైనా అడిగింది మన దగ్గర లేకపోతే సరుకు పేరు, సైజు, అడిగిన వేళ రాయాలి. మళ్లీ ఎవరైనా అదే అడిగితే పక్కన ఒక గీత. నెల తిరిగాక ఎక్కువ గీతలున్న సరుకులు చూసుకోవాలి. పుస్తకం పెడతామని చాలామంది చేతులెత్తారు. నెలాఖరుకు నిజంగా రాసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మిగతావాళ్లవి ‘గిరాకీలో కుదరలేదండీ’, ‘కుర్రాడికి చెప్పాను, వాడు రాయలేదు’ అనే రెండు జవాబులే. గిరాకీ లేదనే కదా సంఘానికి వచ్చాం!

రాసినవాళ్ల పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తే మూడు రకాల ‘లేదు’లు కనిపించాయి. మనం ఎన్నడూ తెప్పించని సరుకులు ఒక రకం. ఇవే ఎక్కువ ఉంటాయని అనుకున్నాం గానీ అంతగా లేవు. రోజూ అమ్మేదే, సరిగ్గా జనం వచ్చే సాయంత్రం వేళకు అయిపోవడం రెండో రకం. గీతల్లో పెద్ద వాటా దీనిదే. మూడో రకం చూసి అందరం నవ్వాం, ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. ఒక సభ్యురాలి పుస్తకంలో ఒకే సరుకు పక్కన పదకొండు గీతలున్నాయి. ఆవిడ తన దుకాణానికెళ్లి వెతికితే అదే సరుకు కింది అరలో, బస్తాల వెనక, నెల రోజులుగా కదలకుండా కూర్చుని ఉంది. అంటే పదకొండుసార్లు ‘లేదు’ అన్నది ఉన్న సరుకునే.

ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోదగ్గ పని ఇక్కడే మొదలైంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ దుకాణం మూసి, సరుకంతా బయటకు దింపి, మొదటినుంచీ సర్దాం. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, భరించండి.

కాగితం మీద పద్నాలుగు మంది పేర్లు రాశారు. వచ్చింది నలుగురు. ఒకాయన అయిదింటికి ఫోన్ చేసి ‘అయిపోయిందా?’ అని అడిగారు. ఇంకొకాయన సరిగ్గా టీ వేళకు వచ్చి, ఫోటోలో నిలబడి వెళ్లారు. ఆ ఫోటో నోటీసు బోర్డు మీద ఉంది. అందులో చొక్కా నలగనిది ఎవరిదో మీరే చూడండి.

వచ్చిన నలుగురూ ముందుగా చేసింది, కొనడానికి వచ్చినవాళ్లలా గుమ్మంలో నిలబడి లోపలికి చూడటం. వెనక అర మీది బల్బు ఎన్నాళ్లుగానో వెలగడం లేదు. కౌంటర్ పక్కన, డబ్బు తీసే ప్రతి మనిషి చూపూ పడే చోట యజమానురాలి కుర్చీ, దాని మీద ఖాళీ అట్టపెట్టెలు. దుకాణంలో అన్నిటికన్నా విలువైన మూరెడు జాగా అట్టపెట్టెలకు ఇచ్చేశాం. కళ్ల ఎత్తులో ఉన్న అరలో కదలని సరుకు, కదిలేదేమో నేల మీద. చేత్తో తుడిస్తే కొన్ని ప్యాకెట్ల మీద దుమ్ములో వేళ్ల అచ్చు పడింది. కొత్త సరుకు ముందు, పాతది వెనక ఉండటంతో వెనక వరుసలో తేదీ దాటినవి ఒక బుట్టెడు తేలాయి. ఆవిడ ఆ బుట్ట వైపు చూసి కాసేపు మాట్లాడలేదు.

ఆ బుట్టెడు నష్టాన్ని అక్కడే కాగితం మీద లెక్కేశాం. నూరుకు అమ్మే సరుకు ఎనభైకి కొన్నామనుకోండి, మిగిలేది ఇరవై. ఒక్క ప్యాకెట్ పారేస్తే పోయిన ఎనభై రాబట్టడానికి అలాంటివి నాలుగు అమ్మాలి. అందుకే ఏది ముందు వచ్చిందని కాకుండా ఏ తేదీ ముందు దాటుతుందని చూసి, దాన్ని ముందు వరుసలో పెట్టాలి. చీకటి పడేసరికి కొత్త బల్బు వెలిగింది, కుర్చీ వెనక్కి పోయింది.

అమ్మకం పెరిగిందా అంటే, పెరిగిందనే ఆవిడ అంటున్నారు. ఒకటి కొనడానికి వచ్చినవాళ్లు ఇంకొకటి కూడా తీసుకుంటున్నారట. ఎంత పెరిగిందో చెప్పమంటే ముందు నెలల్లో రోజుకు ఎన్ని బిల్లులో రాసుకోలేదు. మనందరి సంగతీ అంతే. గల్లాపెట్టెలో రోజు మొత్తం తెలుస్తుంది గానీ, అది ఎంతమంది ఇచ్చిందో తెలియదు. జనం తగ్గారా, ఒక్కొక్కరు కొనేది తగ్గిందా తెలియకుండా మందు వేయలేం. దయచేసి రోజూ బిల్లుల సంఖ్య రాయండి.

చదువుకునే సమావేశాలు రెండు జరిగాయి. మొదటిదానిలో డిస్కౌంట్ మీద గట్టి వాదన నడిచింది. పై లెక్కే తీసుకుంటే, నూరు సరుకు మీద పది తగ్గిస్తే మనకు మిగిలేది ఇరవై కాదు, పది. అంటే ఇదివరకటి లాభం రావాలంటే రెట్టింపు అమ్మాలి. పది శాతమే కదా అని బోర్డు పెట్టిన ఇద్దరు సభ్యులు అక్కడే తలపట్టుకున్నారు. కదలని సరుకు వదిలించుకోవడానికి తగ్గించడం వేరు. ఎలాగూ కొనే సరుకు మీద తగ్గించడం చేతిలో డబ్బు పంచిపెట్టడమే అని నా అభిప్రాయం. అందరూ ఒప్పుకోలేదు.

రెండో సమావేశంలో అరల గురించి మాట్లాడుకున్నాం. జనమే లోపల తిరుగుతూ సరుకు తీసుకునే దుకాణాన్ని 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ తెరిచాడు. అప్పటిదాకా అడిగితే గుమాస్తా తీసి ఇచ్చేవాడు. ఆ పద్ధతిలో సరుకు కనిపించకపోయినా గుమాస్తా ఉన్నాడు. ఇప్పుడు అర కూడా మాట్లాడాలి. రకాలు ఎక్కువ పెడితే అమ్మకం ఎక్కువని మనలో నమ్మకం ఉంది కదా, దాని మీద 2000లో అయ్యంగార్, లెపర్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన పరీక్ష ఒకటి ఉంది. ఇరవై నాలుగు రకాల జామ్ పెట్టిన బల్ల దగ్గర ఎక్కువమంది ఆగారు, కానీ కొన్నది ఆగినవాళ్లలో మూడు శాతమే. ఆరు రకాలు పెట్టినప్పుడు ముప్పై శాతం కొన్నారు. తర్వాతి పరీక్షలన్నిటిలోనూ ఇలా తేలలేదు, కాబట్టి రేపే సగం సరుకు తీసేయకండి. కదలని రకాలను ముందు అనుమానించండి, చాలు.

ఉమ్మడి కొనుగోలు ఈ ఏడాదీ ఫలించలేదు. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. స్పార్ అనే దుకాణాల గొలుసు పేరు విన్నారు కదా, 1932లో నెదర్లాండ్స్‌లో ఒక టోకు వ్యాపారి చిన్న కొట్లవాళ్లను కూడగట్టి మొదలుపెట్టిందే అది. మనం కూడా కావలసిన సరుకుల ఇండెంట్ కలిపి రాశాం, డిస్ట్రిబ్యూటర్‌తో రేటు మాట్లాడాం. లోడు వచ్చే ముందురోజు ఇద్దరు ‘మాకు వేరేచోట కుదిరింది’ అన్నారు. మిగిలినవాళ్లు ఆ భాగం పంచుకుని తీసుకున్నారు, వాళ్లకు ప్రత్యేక ధన్యవాదాలు. మళ్లీ ఈ పని తలపెట్టేముందు అడ్వాన్సు తీసుకోవాలని కార్యవర్గం నిర్ణయించింది.

మన దుకాణాల ముందు తవ్వి వదిలేసిన రోడ్డు గురించి సంబంధిత కార్యాలయానికి మూడు వినతిపత్రాలు ఇచ్చాం. మొదటిది అందినట్టు ముద్ర వేసిచ్చారు. రెండోదానికి వెళ్తే మొదటిది కనబడటం లేదన్నారు. మూడోదానికి, సెలవులో ఉన్న అధికారి వచ్చాక చూస్తామన్నారు. పెద్దవాళ్లు ఆ గుంత దాటలేక వెనక్కి వెళ్లడం నేను నా కౌంటర్ నుంచే చూశాను. వాళ్లు కూడా ‘లేదు’ పుస్తకంలోకి ఎక్కాల్సినవాళ్లే.

లెక్కల సంగతి: జమాఖర్చులు ఆడిటర్ చూసి సంతకం చేశారు, వాటి నకలు ఈ నివేదిక వెనక జతచేశాం. చందా బకాయిలున్నవారి జాబితా కోశాధికారి దగ్గర ఉంది. చదివి వినిపించవద్దని ఆయన కోరారు కాబట్టి వినిపించను.

సమావేశాలకు హాలు ఇచ్చినవారికి, ఆదివారం మాకు వంట చేసి పంపిన ఇంటివారికి, నిచ్చెన ఇచ్చి ఇప్పటికీ తిరిగి అడగని పక్క కొట్టు తమ్ముడికి, బల్బు మార్చి డబ్బు తీసుకోని ఎలక్ట్రీషియన్‌కు, చేతిరాత అర్థంకాని పుస్తకాలు ఓపిగ్గా కూర్చుని లెక్కకట్టిన ఇద్దరు పిల్లలకు, ‘లేదు’ ప్రశ్న అడిగిన పెద్దాయనకు సంఘం తరఫున ధన్యవాదాలు. పేరు మరిచినవారు క్షమించాలి.

తర్వాత సర్దబోయే దుకాణం కోసం పేర్లు రాసే కాగితం సమావేశం రోజు గుమ్మం పక్క బల్ల మీద ఉంటుంది. ఈసారి పేరు పక్కన ఎన్ని గంటలకు వస్తారో కూడా రాయండి. నిచ్చెన నా దగ్గరే ఉంది.

ఇట్లు,
కార్యదర్శి